కొట్టేసిన సెక్షన్, కొట్టేయని కేసు

రాయలసీమలో ఒక చిన్న పట్టణం. అక్కడ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడుపుకునే ముప్పై ఏళ్ల మనిషి 2017 ఏప్రిల్‌లో నా లాయర్ ఆఫీసుకి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో కోర్టు సమన్లు, ఛార్జిషీటు కాపీ, బాగా నలిగిన ఒక పేపర్ కటింగు ఉన్నాయి. ఆ కటింగు 2015 మార్చి నాటిది. ఆన్‌లైన్‌లో అవమానకరంగా రాస్తే శిక్షించే, ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఎ రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసిన వార్త. ఛార్జిషీటు వేసింది మాత్రం 2016 జనవరిలో. అందులో మొదట రాసిన సెక్షనే 66ఎ. రెండోది ఐపీసీ 506, అంటే బెదిరింపు.

"సార్, ఈ సెక్షన్ కొట్టేసినారంట కదా. మరి నన్నెందుకు తిప్పుతున్నారు?" అని అడిగాడు.

సూటిగా అడిగిన ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆ కేసు ముగియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు చెప్పడం లేదు. ఈ కేసు చేస్తున్నప్పుడే 1670లో లండన్‌లో జరిగిన ఒక విచారణను మళ్లీ మొదటి నుంచి చదివాను. రెండూ కలిపి చెప్తేనే నా బాధ అర్థమవుతుంది.

కేసు వివరాలు

2014 అక్టోబరులో వాళ్ల వీధిలో మురిక్కాలువ పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కాలువ పక్కనే ఒక స్థానిక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. మా వాడు రెండూ పడేలా ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కింద ఇలా రాశాడు: "ఫ్లెక్సీకి ఉండే దుడ్లు పూడిక తీసేదానికి లేవా? ఓట్లకు మా వీధికి రండి, చెప్తాం."

రెండు రోజుల తర్వాత నాయకుడి అనుచరుడు ఫిర్యాదు ఇచ్చాడు. పోస్టు "తీవ్రంగా అవమానకరం" కాబట్టి 66ఎ పడింది. "రండి, చెప్తాం" అన్న మాట బెదిరింపు కాబట్టి 506 పడింది. రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టి, మర్నాడు స్టేషన్ బెయిల్ ఇచ్చారు. తర్వాత కోర్టులో ష్యూరిటీగా మేనమామ నిలబడి తన రెండెకరాల పట్టాదారు పాస్‌బుక్కు పెట్టాడు. పాస్‌బుక్కు మీద కోర్టు ముద్ర పడింది. ఆ పెద్దాయనకు అదే పెద్ద టెన్షన్. పంట లోన్ రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకులో ఆ ముద్ర చూసి ఏమిటిది అని అడిగేవారట.

క్లయింట్ బావ కువైట్‌లో ఉంటాడు. ఆయన ఒక డ్రైవర్ వీసా చూశాడు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి వేస్తే పోలీస్ వెరిఫికేషన్‌లో క్రిమినల్ కేసు పెండింగ్ అని వచ్చింది. అప్పుడే ఆ పేపర్ కటింగు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

ఛార్జిషీటు చదివాను. నలుగురు సాక్షులు. నలుగురూ ఒకే వాక్యం చెప్పారు, ఒకే అక్షరదోషంతో సహా. ఎవరూ పోస్టు తమ ఫోన్లో చూశామని చెప్పలేదు. ఫోన్, కంప్యూటర్ సాక్ష్యానికి జతచేయాల్సిన 65బి సర్టిఫికెట్ లేదు. కానీ నన్ను ఆపేసింది అది కాదు. "రండి, చెప్తాం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఏ పన్నెండు మందిని పిలిచి అడిగినా దీని అర్థం చెప్తారు. ఓటు అడగడానికి వస్తే మా కాలువ సంగతి అడుగుతాం అని. ఆ పన్నెండు మందికి ఈ కేసు అప్పగిస్తే ఎంతసేపు పడుతుంది?

అక్కడి నుంచే నా ఆలోచన జ్యూరీ మీదికి, అంటే కేసు తేల్చడానికి మామూలు జనంలోంచి పిలిచే బృందం మీదికి పోయింది.

1670, ఓల్డ్ బెయిలీ

చట్టం ప్రకారం నేరం రుజువైనట్టే కనిపిస్తున్నా, ఆ చట్టం గానీ దాన్ని వాడిన తీరు గానీ అన్యాయమని నమ్మి జ్యూరీ "నిర్దోషి" అని చెప్పడాన్ని జ్యూరీ నలిఫికేషన్ అంటారు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో దీని గురించి ఎవరు మాట్లాడినా విలియం పెన్ విచారణతోనే మొదలుపెడతారు.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వ చర్చి పద్ధతి కాకుండా వేరే పద్ధతిలో ఐదుగురికి మించి ప్రార్థనకు చేరితే నేరం. 1670లో తెచ్చిన కన్వెంటికిల్ చట్టం ప్రకారం వచ్చినవాళ్లకు ఐదు షిల్లింగులు, బోధించినవాడికి 20 పౌండ్లు జరిమానా. 1670 ఆగస్టు 14న క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు లండన్ గ్రేస్‌చర్చ్ వీధిలోని తమ ప్రార్థనా మందిరానికి వస్తే సైనికులు తలుపులు మూసి కాపలా ఉన్నారు. పాతికేళ్ల విలియం పెన్ వీధిలోనే నిలబడి మాట్లాడాడు. పక్కన బట్టల వ్యాపారి విలియం మీడ్ ఉన్నాడు. ఇద్దర్నీ పట్టుకున్నారు.

లాయర్లు గమనించాల్సింది ఇక్కడ ఒకటుంది. కన్వెంటికిల్ చట్టం కింద కేసు పెడితే జ్యూరీ అక్కర్లేదు, ఒక్క మేజిస్ట్రేటే శిక్ష వేయొచ్చు. అధికారులు అంతటితో తృప్తిపడలేదు. అక్రమంగా గుమిగూడి అల్లరి చేశారని, శాంతికి భంగం కలిగించారని కామన్ లా కింద, అంటే పాత తీర్పుల నుంచి వచ్చిన చట్టం కింద పెద్ద అభియోగం పెట్టారు. పెద్ద అభియోగం కాబట్టి పన్నెండు మందిని కూర్చోబెట్టక తప్పలేదు. కేసు బరువుగా కనిపించాలని సెక్షన్లు పెంచుకుంటూ పోవడం మన స్టేషన్లలో రోజూ చూసేదే. ఒక్కోసారి ముద్దాయికి దారి దొరికేది కూడా ఆ అదనపు సెక్షన్ దగ్గరే.

సెప్టెంబరు మొదటి వారంలో విచారణ. బెంచి మీద లండన్ మేయర్ శామ్యూల్ స్టార్లింగ్, పక్కన చట్టం చెప్పడానికి రికార్డర్ అనే న్యాయాధికారి. ముద్దాయిలు టోపీల్లేకుండా వస్తే, కోర్టు సిబ్బంది చేతే వాళ్ల తలల మీద టోపీలు పెట్టించారు. పెట్టించి, కోర్టులో టోపీ తీయనందుకు చెరి 40 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) జరిమానా వేశారు. సాక్షులు వచ్చారు. పెన్ మాట్లాడటం చూశామన్నారు, కానీ జనం గోలలో ఏం మాట్లాడాడో వినపడలేదన్నారు.

పెన్ అడిగింది ఒక్కటే. ఏ చట్టం కింద నన్ను విచారిస్తున్నారు, ఆ చట్టం నాకు చూపించండి అని. కామన్ లా అన్నారు. అది ఎక్కడుంది అని అడిగాడు. ఇన్ని వందల ఏళ్ల కేసులు నీకోసం తిరగేయాలా అని రికార్డర్ కసురుకున్నాడు. అంత కామన్ అయితే చూపించడం కష్టం కాకూడదు కదా అన్నాడు పెన్. ఇద్దర్నీ తీసుకెళ్లి కోర్టు హాల్లో ఒక మూల ఉన్న బోనులో పడేశారు. వాళ్లు లేకుండానే జ్యూరీకి చెప్పాల్సింది చెప్పారు.

జ్యూరీ తిరిగొచ్చింది. "గ్రేస్‌చర్చ్ వీధిలో మాట్లాడాడు, ఆ మేరకు దోషి" అంది. అంతేనా, అక్రమంగా గుమిగూడిన జనంతో మాట్లాడాడని చెప్పరా అని బెంచి అడిగింది. మాకు చెప్పాల్సింది అంతే అన్నాడు జ్యూరీ పెద్ద, ఫోర్‌మన్. ఒక మనిషి వీధిలో మాట్లాడటం ఏ చట్టంలోనూ నేరం కాదు, కాబట్టి ఆ తీర్పుతో శిక్ష వేయడానికి లేదు. మళ్లీ పంపారు. మళ్లీ అదే మాట రాసి, సంతకాలు పెట్టి తెచ్చారు. మీడ్‌ని నిర్దోషి అన్నారు. అప్పుడు వాళ్లకు తిండి, నీళ్లు, మంట, పొగాకు ఏమీ లేకుండా గదిలో పెట్టి తాళం వేశారు. రెండు రాత్రులు. జ్యూరీలో మొదటి నుంచి ఎదురు నిలబడ్డ ఎడ్వర్డ్ బుషెల్ ముక్కు కోయిస్తానని మేయర్ నిండు కోర్టులో బెదిరించాడు. మీ హక్కు వదులుకోకండి అని పెన్ కేకేశాడు. వదులుకోం అని జ్యూరీలోంచి జవాబొచ్చింది. సెప్టెంబరు 5న చివరిసారి అడిగారు. ఇద్దరూ నిర్దోషులు అన్నారు.

దాంతో పన్నెండు మందికీ తలా 40 మార్కులు జరిమానా వేశారు. అంటే 26 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. కట్టేదాకా న్యూగేట్ జైలు. ఎనిమిది మంది కట్టి బయటపడ్డారు. బుషెల్, ఇంకో ముగ్గురు కట్టం అన్నారు. మమ్మల్ని జైల్లో పెట్టడం అక్రమమని జైల్లోంచే కామన్ ప్లీస్ కోర్టులో హెబియస్ కార్పస్ వేశారు.

వాన్ చెప్పింది, చెప్పనిది

చీఫ్ జస్టిస్ జాన్ వాన్ ఆ నలుగురిని 1670 నవంబరులో వదిలేశాడు. ఆయన తీర్పు ఇప్పటికీ చదవదగ్గది. వాదన ఇలా నడుస్తుంది. సాక్ష్యానికి విరుద్ధంగా తీర్పిచ్చారని జైలుకు పంపారు. ఏ సాక్ష్యాన్ని జ్యూరీ నమ్మిందో, ఏది నమ్మలేదో జడ్జికి ఎలా తెలుస్తుంది? ఒకే మాట విని ఇద్దరు నిజాయితీపరులు రెండు రకాలుగా అనుకోవచ్చు. ఒకరి కంటితో ఇంకొకరు చూడలేరు, ఒకరి చెవితో ఇంకొకరు వినలేరు. పైగా జ్యూరీని ఆ చుట్టుపక్కల నుంచే పిలిచేది వాళ్లకు అక్కడి మనుషులు, అక్కడి సంగతులు తెలుసు కాబట్టి. జడ్జికి తెలియనిది వాళ్లకు తెలిసి ఉండొచ్చు. తీర్పు ఏదో జడ్జే చెప్పేట్టయితే జ్యూరీ ఎందుకు, ఖర్చు దండగ, ఆలస్యం దండగ.

ఈ కేసుని జ్యూరీ చట్టాన్నే తిరగరాసే హక్కుగా చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వాన్ ఆ మాట ఎక్కడా అనలేదు. నిజానిజాలు తేల్చినందుకు జ్యూరీని శిక్షించకూడదు అన్నాడు, అంతే. కానీ శిక్ష భయం పోయాక, కారణం అడిగేవాడు లేనప్పుడు, తమకు అన్యాయంగా తోచిన చట్టాన్ని పక్కన పెట్టే శక్తి ఆ పన్నెండు మంది చేతికి దానంతటదే వచ్చింది. అది హక్కు కాదు, శక్తి. అమెరికా సుప్రీంకోర్టు 1895లో స్పార్ఫ్ కేసులో చట్టం విషయంలో జ్యూరీ జడ్జి మాటే వినాలని తేల్చింది. అయినా నిర్దోషి అని ఒకసారి చెప్పాక మళ్లీ విచారించడానికి లేదు కాబట్టి, ఆ శక్తి ఈరోజుకీ అక్కడ మిగిలే ఉంది.

మరి కన్వెంటికిల్ చట్టం ఏమైంది? ఏమీ కాలేదు. పెన్ వెళ్లిపోయాడు, చట్టం ఉండిపోయింది. దాని కింద ఎంతోమంది క్వేకర్లు జరిమానాలు కడుతూనే ఉన్నారు. 1689లో పార్లమెంటు సహన చట్టం తెచ్చాకే వాళ్లకు ఊపిరాడింది. న్యూయార్క్‌లో 1735లో గవర్నర్ కాస్బీని విమర్శించిన పత్రిక ముద్రాపకుడు జాన్ పీటర్ జెంగర్ విషయంలోనూ అంతే. లాయర్ ఆండ్రూ హామిల్టన్ లేచి, అవును, మా క్లయింటే ముద్రించాడు, అందులో ఉన్నది నిజం, నిజం చెప్తే నేరమా అన్నాడు. జ్యూరీ నిర్దోషి అంది. పరువునష్టం చట్టం ఒక్క అక్షరం మారలేదు. 1984లో బ్రిటన్‌లో క్లైవ్ పాంటింగ్ అనే ప్రభుత్వోద్యోగి, ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా నౌక బెల్‌గ్రానోను ముంచిన విషయంలో పత్రాలు ఒక ఎంపీకి పంపాడు. 1985లో విచారణ జరిగితే, ప్రజాహితం అన్న వాదన చెల్లదని జడ్జి స్పష్టంగా చెప్పినా జ్యూరీ వదిలేసింది. తర్వాత ప్రభుత్వం చేసిందేమిటంటే, 1989లో కొత్త అధికార రహస్యాల చట్టం తెచ్చి, ప్రజాహితం అని చెప్పుకునే సందు కూడా అందులో లేకుండా చేసింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. చెప్పకపోతే అబద్ధమవుతుంది. 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం కింద, బానిసల్ని విడిపించినవాళ్లను శిక్షించడానికి బోస్టన్ జ్యూరీలు ఒప్పుకోలేదు. అదే శక్తి 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాడిని చంపినవాళ్లను గంటా ఏడు నిమిషాల్లో వదిలేసింది. అక్కడ కూర్చున్న పన్నెండు మందీ తెల్లవాళ్లే, అందరూ మగవాళ్లే. నా క్లయింట్ వీధి నుంచి పన్నెండు మందిని పిలిస్తే అరగంటలో వదిలేస్తారని అనుకున్నాను కదా. ఆ పన్నెండు మందిని ఎవరు ఎంచుతారు? ఏ కులం వాళ్లు, ఏ పార్టీ వాళ్లు కూర్చుంటారు? ఫ్లెక్సీ కట్టినవాళ్లే కూర్చుంటే? ఈ ప్రశ్న వేసుకున్నాక నాకు జ్యూరీ మీద మోజు సగం తగ్గింది.

మన దగ్గర జ్యూరీ

మనకు జ్యూరీ అనుభవం లేదనుకోవడం తప్పు. 1908లో బొంబాయి హైకోర్టులో తిలక్ మీద రాజద్రోహం కేసు నడిచినప్పుడు తొమ్మిది మంది జ్యూరీ ఉంది. ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. జస్టిస్ దావర్ ఆరేళ్లు ప్రవాస శిక్ష వేశాడు, తిలక్ బర్మాలోని మాండలే జైలుకు వెళ్లాడు. ఆయన రాసింది మరాఠీలో. ఆ భాష చదివి, ఆ మాటల వేడి ఎంతో తెలిసినవాళ్లు ఆ తొమ్మిదిమందిలో ఎంతమంది ఉంటారు? వాన్ చెప్పిన చుట్టుపక్కల మనుషులు ఆ పెట్టెలో లేరు. అదే ఏడు బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా రాజద్రోహం కిందే జైలుకెళ్లారు.

పైగా బ్రిటిష్‌వాళ్లు మన జ్యూరీ చేతిలో అసలు శక్తి పెట్టలేదు. 1898 సీఆర్‌పీసీలో (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) సెక్షన్ 307 అని ఉండేది. జ్యూరీ తీర్పు తప్పని సెషన్స్ జడ్జికి అనిపిస్తే కేసుని హైకోర్టుకు పంపొచ్చు. హైకోర్టు మళ్లీ మొదటి నుంచి చూసి శిక్ష వేయొచ్చు. భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో జరిగింది అదే. జ్యూరీ ఎనిమిది ఒకటి తేడాతో నిర్దోషి అంది. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని అందరూ అంటారు గానీ, 1958లోనే లా కమిషన్ తన 14వ నివేదికలో తీసేయమని చెప్పింది. 1973 సీఆర్‌పీసీలో జ్యూరీ ఊసే లేదు.

జ్యూరీ పోయినా మన పౌరుడికి ఇంగ్లండ్ పౌరుడికి లేని ఆయుధం 1950లోనే దక్కింది. రాజ్యాంగం 13వ అధికరణం. ప్రాథమిక హక్కుల్ని హరించే చట్టం ఆ మేరకు చెల్లదు. 32 కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు ఎవరైనా వెళ్లొచ్చు. పెన్ అడిగిన ప్రశ్నకు మనకు జవాబు చెప్పే కోర్టుంది.

66ఎ ఎలా పోయింది

ఈ సెక్షన్ 2008 సవరణతో వచ్చి 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. కంప్యూటర్, ఫోన్ ద్వారా "తీవ్రంగా అవమానకరమైన" సమాచారం పంపినా, అబద్ధమని తెలిసి చిరాకు, అసౌకర్యం కలిగించడానికి పంపినా మూడేళ్ల దాకా జైలు. 2012 నవంబరులో మహారాష్ట్ర పాల్ఘర్‌లో ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు, దాన్ని లైక్ చేసినందుకు ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేశారు. దేశమంతా గొడవైంది. శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆమె మీద ఏ కేసూ లేదు. 2013 మేలో చీరాల ఎమ్మెల్యే మీద, అప్పటి తమిళనాడు గవర్నర్ మీద పెట్టిన పోస్టు విషయంలో ఒక పౌరహక్కుల నాయకురాలిని అరెస్టు చేస్తే, ఆ విషయం సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. పై అధికారుల అనుమతి లేకుండా 66ఎ కింద ఎవర్నీ అరెస్టు చేయొద్దని మే 16న ఉత్తర్వు వచ్చింది. మన తెలుగు నేల మీద జరిగిన అరెస్టు ఆ కేసులో ఒక మలుపు అన్నది చాలామంది మర్చిపోయారు.

2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ ధర్మాసనం సెక్షన్ మొత్తాన్ని కొట్టేసింది. తీర్పు రాసింది నారిమన్. ధర్మాసనంలో సీనియర్ చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా మనిషి. చట్టాన్ని మేం జాగ్రత్తగా వాడతాం అని కేంద్రం హామీ ఇచ్చింది. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి, సెక్షన్ మాత్రం ఉండిపోతుంది కదా అంది కోర్టు.

ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. "తీవ్రంగా అవమానకరం" అన్న మాటకి అర్థం ఎంత జారుడో చూపించడానికి ఇంగ్లండ్ కేసులు రెండు తీసుకున్నారు. ఒకదాంట్లో కింది కోర్టులు అది అవమానకరం కాదన్నాయి, హౌస్ ఆఫ్ లార్డ్స్ అవునంది. చదువుకున్న జడ్జీలే ఒకే మాటని రెండు రకాలుగా చూస్తుంటే సామాన్యుడు ఏది రాయాలో, ఏది రాయకూడదో ఎలా తెలుసుకుంటాడు, కాబట్టి సెక్షన్ చెల్లదు అన్నారు. 1670లో వాన్ కూడా ఇదే చోట నుంచి బయలుదేరాడు. ఇద్దరు మనుషులు ఒకే విషయాన్ని రెండు రకాలుగా చూస్తారు. దాంతో వాన్ జ్యూరీని కాపాడాడు, నారిమన్ చట్టాన్ని కూల్చాడు. వాన్ తీర్పు తర్వాత మనిషి విడుదలై చట్టం మిగిలింది. నారిమన్ తీర్పు తర్వాత చట్టం పోయింది, నా క్లయింట్ లాంటి మనిషి మిగిలిపోయాడు.

మా కోర్టులో ఏం జరిగింది

ఒక వాయిదా రోజు స్టేషన్ రైటర్ దగ్గర వాళ్లు వాడే బేర్ యాక్ట్, అంటే చట్టం పుస్తకం, అడిగి తీసుకుని చూశాను. పేజీ మధ్యలో 66ఎ మొత్తం నిక్షేపంగా ఉంది. పక్కన ఒక చిన్న చుక్క గుర్తు. పేజీ అడుగున, కళ్లజోడు ఉన్నా కష్టపడితే గానీ కనపడని అక్షరాల్లో, సుప్రీంకోర్టు కొట్టేసిందన్న ఒక్క లైను. చుక్క మీద వేలు పెట్టి చూపించాను. "ఇది ఎవరు చూస్తారు సార్, ఫార్మాట్‌లో ఉన్నది కొడతాం" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేకపోయాను. అతనికి ఎవరూ చెప్పలేదు.

విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని సీఆర్‌పీసీ 239 కింద డిశ్చార్జ్ పిటిషన్ వేశాను. తీర్పు కాపీ జతచేశాను. వాదన సులువనుకున్నాను. ఒక చట్టం చెల్లదని కింది కోర్టుకు అనిపించినా తనంతట తాను కొట్టేయలేదు, సెక్షన్ 395 ప్రకారం హైకోర్టుకు రిఫర్ చేయాలి. ఇప్పుడది, సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 436. కానీ సుప్రీంకోర్టు అప్పటికే కొట్టేస్తే ఇక రిఫర్ చేయడానికేం ఉంటుంది, 141వ అధికరణం ప్రకారం అందరూ పాటించాల్సిందే. 66ఎ మీద ప్రభుత్వ లాయర్ ఏపీపీ గారు ఏమీ అనలేదు. "506 ఉంది కదండీ, అది ట్రయల్‌లో తేలాలి" అన్నారు. ఐదు నెలలు వాయిదాలు నడిచాయి. ఒక వాయిదాకి మేజిస్ట్రేట్ సార్ సెలవు, ఒకదానికి రికార్డు రాలేదు, రెండింటికి మా వాడు రాలేక హాజరు మినహాయించమని 317 వేశాం. చివరికి పిటిషన్ డిస్మిస్ అయింది. ఒక సెక్షన్ నిలబడుతున్నప్పుడు కేసు నుంచి డిశ్చార్జ్ చేయలేమని, 66ఎ సంగతి ఛార్జ్ ఫ్రేమ్ చేసేటప్పుడు చూస్తామని.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. 66ఎ మీదే బరువంతా పెట్టి వాదించాను. "రండి, చెప్తాం" అన్న మాట మీద అరపేజీ కూడా రాయలేదు. అది అంత తేటగా బెదిరింపు కాదు కదా, చదివితే తెలుస్తుంది కదా అనుకున్నాను. ఆ వీధి మనుషులైతే తెలిసేది. కోర్టులో ఉన్నవాళ్లది ఆ వీధి కాదు. జ్యూరీ లేని చోట ఆ వీధి నోరు లాయరే అవ్వాలి. ఊళ్లో ఆ మాట ఎలా వాడతారో, ఎవరితో ఎవరంటారో, ఓట్ల ముందు అనే "చెప్తాం"కి, కర్ర పట్టుకుని అనే "చెప్తా"కి తేడా ఏమిటో కాగితం మీద పెట్టాలి. నేను పెట్టలేదు.

ఈలోగా వీసా గడువు అయిపోయింది.

2018 జులైలో హైకోర్టులో 482 కింద కేసు కొట్టేయమని క్వాష్ పిటిషన్ వేశాం. ఈసారి పోస్టు మొత్తం, ఫోటోతో సహా, ఇంగ్లిష్ అనువాదంతో పెట్టాం. అనువాదం దగ్గర మా హైకోర్టు జూనియర్‌తో రెండు గంటలు కూర్చున్నాను. "చెప్తాం" అన్నదాన్ని మొదట అతను పాఠం చెప్తాం అన్నట్టు రాశాడు. అది మార్చి, మీకు మా జవాబు చెప్తాం అన్న అర్థం వచ్చేలా రాసి, ఎన్నికల సందర్భం ఒక పేరాలో వివరించాం. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా ఏర్పడింది, ఫైలు అమరావతికి వెళ్లింది. ఏప్రిల్‌లో లిస్టుకొచ్చింది. వాదన పది నిమిషాలు కూడా నడవలేదు. 66ఎ అసలు లేదు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు చెప్తాం అనడం బెదిరింపు కాదు. కేసు క్వాష్.

మా కేసు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 745 కేసులు 66ఎ కింద ఇంకా పెండింగ్ ఉన్నాయని 2021లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టు ముందు పెట్టింది. కోర్టే నిర్ఘాంతపోయింది. 2022 అక్టోబరు 12న చీఫ్ జస్టిస్ యు.యు. లలిత్ ధర్మాసనం 66ఎ కింద ఎవర్నీ విచారించడానికి లేదని, అన్ని కేసుల్లోనూ ఆ సెక్షన్ ప్రస్తావన తొలగిపోయినట్టేనని, వేరే సెక్షన్లుంటే అవి నడుస్తాయని ఉత్తర్వు ఇచ్చింది. పుస్తకాల్లో ఆ సెక్షన్ అచ్చు వేస్తే, కొట్టేసిన సంగతి చదివేవాళ్లకు సరిగా తెలిసేలా వేయాలని కూడా చెప్పింది. ఆ లైను చదివినప్పుడు స్టేషన్లో చూసిన చుక్క గుర్తొచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. మాటకి, పోస్టుకి సంబంధించిన ఏ కేసు వచ్చినా ముందు సెక్షన్ బతికుందా లేదా చూస్తాను, రెండో సెక్షన్‌కి మొదటిదానికన్నా ఎక్కువ పేజీలు రాస్తాను. తెలుగు మాట ఏదైనా ఉంటే దాని వాడుక ఆ ఊరి పెద్దలిద్దరి చేత అఫిడవిట్ రూపంలో రాయిస్తాను. కొందరు మేజిస్ట్రేట్లు దాన్ని పక్కన పెట్టేస్తారు, కొందరు శ్రద్ధగా చదువుతారు. చదివినవాళ్లు కాగ్నిజెన్స్ దశలోనే, అంటే కేసుని విచారణకు తీసుకునేటప్పుడే ప్రశ్నలు అడగడం రెండుసార్లు చూశాను.

క్వాష్ ఉత్తర్వు నకలు వచ్చాక కింది కోర్టులో మెమో వేశాం, ష్యూరిటీ డాక్యుమెంట్లు ఇప్పించమని ఇంకో పిటిషన్ వేశాం. జూన్‌లో ఒక సోమవారం మేనమామ వచ్చాడు. బెంచ్ క్లర్కు పాస్‌బుక్కు తీసి, పాత ముద్ర మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన రద్దు అని రాసి, తేదీ వేసి ఇచ్చాడు. పెద్దాయన వెంటనే సంచిలో పెట్టుకోలేదు. వరండాలోకి వెళ్లి, వెలుతురులో పేజీ తెరిచి, ఆ గీత మీద వేలు పెట్టి, "ఇది చూపిస్తే బ్యాంకోళ్లు ఇంకేమీ అడగరు కదా నాయనా" అన్నాడు. అడగరు అని చెప్పాను. అయినా నమ్మకం కుదిరినట్టు లేదు, ఉత్తర్వు నకలు కూడా ఒక జిరాక్స్ తీసిమ్మన్నాడు. మేనల్లుడు మూడు తీశాడు.